కాథరిన్ చీర మీద తుప్పు

గురువారం పొద్దున్న మనవరాలు మెలిస్సా బకెట్టు పక్కన కూలబడి ఏడుస్తుంటే, ఏమైందని రేమండ్ అడగలేదు. బ్లీచ్ వాసన వంటింటి దాకా వచ్చేసింది. బకెట్లో ఉన్నది చనిపోయిన తన భార్య కాథరిన్ పెళ్ళిచీర. తెల్ల నూలుచీర, అంచుకు లేసు. శనివారం మలేషియాలోని ఈ సుంగై పెటాని చర్చిలో తన పెళ్ళికి మెలిస్సా కట్టుకోవాల్సింది అదే.

పెళ్ళినాడు తల్లి గుచ్చిన పిన్నీసులు తియ్యకుండానే కాథరిన్ దాన్ని మడిచి దాచుకుంది. రబ్బరు తోటలో కూలిచేసిన తల్లి వేరే నగలేమీ పెట్టలేకపోయింది మరి. ఇప్పుడు పెట్టె తెరిస్తే ఆరుచోట్ల తుప్పుమచ్చలు.

"మూడు మూతలు పోసినాను తాతా. ఇంకా ఎర్రగా అయిపోనాది."

"నీకు కెమిస్ట్రీ సెప్పిన మాస్టారెవులే?"

"నువ్వే గదా."

"అయితే తప్పు ఆడిదే."

ఏడుపు మధ్యలోనే ఆమెకు నవ్వొచ్చింది. ముప్పై ఏళ్ళు బడిలో పాఠాలు చెప్పిన మనిషి చీరకొంగు వెలుతురుకి పట్టాడు.

"ఇనుము రెండు ఎలక్ట్రాన్లు పోగొట్టుకుంటే ఇంకా నీళ్ళ మాట వింటాది, కరుగుతాది. మూడు పోతే మొండికేస్తాది, అదే తుప్పు. బ్లీచ్ లాక్కునే రకం. ఆ మిగిలిన ఒక్కటీ లాగేసింది. గోరుచుట్టు మీద రోకలిపోటు."

"మరి ఏటి సెయ్యడం?"

"తిరిగిచ్చేవాళ్ళని పిలవాలి."

వెంటనే పిలవలేదు. బ్లీచ్‌కి పులుపు తగిలితే విషగాలి పుడుతుందని, వాసన పూర్తిగా పోయేదాకా చీరను ఆరు నీళ్ళలో జాడించాడు. తర్వాత పెరటిగోడ వారనున్న బెలింబింగ్ అనే పుల్లకాయల చెట్టు నుంచి పచ్చికాయలు కోసుకొచ్చాడు. చేపల పులుసులోకి కాథరిన్ నాటిన చెట్టు అది. ఇత్తడి సామాను కూడా ఆ కాయలతోనే తోమేది. కాయలు నలిపి, రసం మచ్చలకు పట్టించి, చీర ఎండలో పరిచాడు. ఆ పులుపు ఇనుమును పట్టి వదులు చేస్తుంది. ఎండ తగిలితే, పోయినవాటిలో ఒక ఎలక్ట్రాన్‌ని దానికి తిరిగి ఇస్తుంది.

మధ్యాహ్నం కమ్మిన మబ్బు ఎందుకో పక్కనున్న గురుణ్ ఊరి వైపు పోయింది. రేమండ్ మనసులో దండం పెట్టుకున్నాడు.

మూడింటికి జాడిస్తే అయిదు మచ్చలు పోయాయి. భుజం దగ్గరిది మాత్రం పాలెక్కువైన టీ రంగులో నిలిచింది. రేమండ్ మళ్ళీ రసం గిన్నె అందుకున్నాడు.

"సాలు తాతా. బట్ట పలసబడిపోనాది, సిరిగిపోతాది."

"పెళ్ళిలో అందరూ సూస్తారే."

"సూడనీ."

గిన్నె అతని చేతిలోంచి తీసి పక్కన పెట్టింది. తడి కొంగు భుజాన వేసుకుని నిలబడింది.

"ఎలగున్నాది?"

అతను దగ్గరికెళ్ళి, మచ్చను దాచబోయిన వేళ్ళు వెనక్కి తీసుకుని, లేసు ఒక్కటే సర్దాడు.

"ఆరేదాకా కదలకు," అన్నాడు.