మొలతాడుకున్న తాళంచెవి

నరసింహమూర్తిగారి ఐసు ఫ్యాక్టరీ గురించి అల్లవరం చుట్టుపక్కల ఎవరినైనా అడగండి. ఆయన చెప్పకుండా అక్కడ ఐసు కూడా కరగదు. నడివేసవిలో వాకిట్లో దిమ్మ పెట్టి ఆయన ఒక్క చూపు చూస్తే, పొద్దుగూకేదాకా అది బిగుసుకుని కూర్చునేది.

ఇరవై ఏళ్ళుగా అన్నీ ఆయన నోటిమాట మీదే. జనరేటరు గది తాళంచెవి ఆయన మొలతాడుకి. ఏ లారీకి ముందు ఐసు ఎక్కాలో ఆయన గడ్డం ఎటు తిరిగితే అటు.

"మీరు ఊళ్ళో లేనప్పుడు ఎవరేం చెయ్యాలో ఓ కాగితమ్మీద రాసివ్వండి," అని మిషను ఆడించే కృపావతి రెండుసార్లు అడిగింది.

"నేనుండగా కాగితం దేనికమ్మా?" అని నవ్వేశారు.

మే నెలలో ఆయన నరసాపురంలో మేనకోడలి నిశ్చితార్థానికి బయల్దేరారు. సఖినేటిపల్లి రేవులో బళ్ళతో పాటు ఎక్కిన పంటు గోదావరి మధ్యకి వెళ్ళేసరికి కృపావతి ఫోను.

"ఓనరుగారండీ, కరెంటు పోయిందండీ. దుర్గాప్రసాద్ గారు చెరువులో రొయ్యలు పట్టేసి ఐసుకి లారీ తెచ్చేరు. ఐసు నూరే మిషను ఆగిపోయింది. బయటికి తీసిన దిమ్మలు కారిపోతన్నాయండి. జనరేటరు గది తాళం పగలగొట్టమంటారా?"

"నా తాళం మీద చెయ్యేత్తే ఊరుకోను! వచ్చేత్తన్నా!"

అన్నారేగానీ, పంటు ఆయన ఫ్యాక్టరీ కాదు. అవతలి ఒడ్డుకి వెళ్ళాలి, బళ్ళు దిగాలి, మళ్ళీ బళ్ళు ఎక్కాలి. ఆయన పట్టుపంచె మీంచి తాళంచెవి తడుముకుంటూ నిలబడ్డారు. దుర్గాప్రసాద్ నాలుగు నెలలు నిద్ర మానుకుని పెంచిన రొయ్యలు. వాసనొచ్చాయంటే అతను మళ్ళీ ఫ్యాక్టరీ గుమ్మం తొక్కడు. అతని వెనకే మిగతా రైతులూ. పగలగొట్టేయమని చెబుదామని ఫోను తీశారు. సిగ్నలు లేదు. ఇరవై ఏళ్ళలో మొదటిసారి ఆయన మాట వినడానికి ఎవరూ లేరు.

ఐసు కరగదని మొదట్లో చెప్పాను కదా, ఆ ముక్క వెనక్కి తీసుకుంటున్నాను. బయటికి తీసిందంతా శుభ్రంగా కరిగింది. కరిగి వాకిలి దాటి కాలవలో పడింది. ఆ చలికి కాలవలో బాతులు తుమ్మాయి.

ఆయన తిరిగొచ్చేసరికి జనరేటరు మోగుతోంది. గునపం పక్కన విరిగిన తాళం. ఐసు నింపుకుని లారీ బయల్దేరుతోంది.

"నీకెవరు చెప్పేరమ్మా?"

"రొయ్యలే చెప్పాయండి," అంది కృపావతి. "ఉద్యోగం తీసేత్తే తీసెయ్యండి. లారీ ఎల్లాకే."

లారీ పక్కనున్న దుర్గాప్రసాద్ తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. "పదేళ్ళ నించీ మీ మొహం చూసే ఇక్కడికొత్తన్నానండీ. ఇయ్యాల మీ మొహం లేకపోబట్టి బతికేను."

నరసింహమూర్తిగారు పట్టుపంచెతోనే కూర్చుని కాగితం రాశారు. తను లేనప్పుడు కృపావతి మాటే మాట. తాళంచెవి ఆఫీసు గోడకున్న మేకుకి. లారీలు వచ్చిన వరసలో, ఎవరివైనా సరే. కింద సంతకం పెట్టి గోడకి అంటించారు.

పది రోజులకి ఆయన బావమరిది లారీ వచ్చింది.

"మనోడిది ముందెక్కించమ్మా."

కృపావతి గోడ వైపు చూపించింది. "ఆ సంతకం ఎవరిదండీ?"

ఆయన దగ్గరికెళ్ళి పైనించి కిందిదాకా చదివారు. మొలతాడు దగ్గర చెయ్యి పెడితే అక్కడేమీ తగల్లేదు.

"ఆయ్, నాదే," అని బావమరిది భుజం తట్టారు. "నీది నాలుగోదిరా. పద, టీ తాగొద్దాం."

ఇందులో నేను కల్పించింది బాతుల తుమ్ములొక్కటే. కాగితం ఇప్పటికీ గోడ మీదే ఉంది. చూడాలనుంటే వెళ్ళండి, కానీ వరసలో నిలబడాలి.