కొండమీది చెరువుకు మోటారు

అమృతరాజు నీళ్ల డ్రమ్ములో పడవ మోటారును దించి తాడు లాగాడు. ఒక్క లాగుడుకే అందుకుంది. కోరమండల్ గని కూలీల లైనిళ్లన్నిటికీ వినిపించేలా ఒకే తీరున మోగింది. ఇంకేం కావాలన్నట్టు ఆయన కూతురి వైపు చూశాడు.

సెలీన్ మోటారును చూడటం లేదు. చేతిలోని పాత స్పార్క్ ప్లగ్గును చూస్తోంది. నీలగిరి కొండల్లోని చెరువు దగ్గర భర్త విల్సన్ విప్పి తెచ్చిన ప్లగ్గు అది. మూతి నిండా తడిమసి. ఇక్కడ చక్కగా ఆడే మోటారు అక్కడ నల్లటి పొగ కక్కి, పడవ సగం దూరం పోకముందే ఆగిపోతోంది. బాగుచేతకు తేవడం ఇది రెండోసారి. సోమవారం పడవ నడిపి చూపితే ఆ చెరువులో విల్సన్‌కు పడవ నడిపే పని ఖాయం. లేకపోతే లేదు.

కొనేటప్పుడూ ఇదే తంతు. ఇంకాస్త పెద్దది చూద్దామని విల్సన్ నసిగితే, ఆ పడవకు చిన్నదే ఎక్కువని మామ తేల్చేశాడు. గని కంప్రెసర్ల దగ్గర ముప్పై ఏళ్ల ఫిట్టరు మాటకు ఎదురు చెప్పేదెవరు?

పైన గాలి పలచన, మోటారుకు నీరసం, కాబట్టి పెట్రోలు ఎక్కువ తాపాలని ఆయన లెక్క. పెట్రోలు దిగే సన్న రంధ్రమున్న ఇత్తడి మరను జెట్టు అంటారు. పోయినసారే దాన్ని పెద్దది వేశాడు. ఇప్పుడు మరీ పెద్దది.

"గాలి తగ్గితే పెట్రోలూ తగ్గించల్ల నాయనా," అంది సెలీన్. "స్టవ్వు వత్తి ఊరికే లేపితే మసే కదా వచ్చేది. ఈ ప్లగ్గు చూడు."

ఆయన సన్న జెట్టు వేసి తాడు లాగాడు. మోటారు అందుకుంది గానీ, వేగం పెంచబోయేసరికి ఊపిరందనట్టు దగ్గి ఆగింది. ఇక్కడి చిక్కటి గాలికి అది చాలదు మరి. ఆ జెట్టే సరైనదని కొండమీద తప్ప ఎక్కడా రుజువు కాదు. సెలీన్‌కు ఏడుపొక్కటే తక్కువ.

"చూస్తివా నీ వంటింటి లెక్క," అని ఆయన పెద్ద జెట్టే మళ్లీ బిగించి, తన నంబరు కొట్టిన రేకుముక్కను మోటారుకు కట్టి షిఫ్టుకు వెళ్లిపోయాడు.

ఒక ఫిట్టరు రేకు కట్టిన యంత్రాన్ని గనిలో ఇంకొకరు ముట్టరు. తెల్లదొరల నాటి ఆ కట్టడి, గనులు సర్కారు చేతికి వచ్చాక కూడా సడలలేదు. సెలీన్ సన్న జెట్టునూ చిన్న స్పానరునూ గుడ్డలో మూటకట్టి విల్సన్ జేబులో పెట్టింది. ఆగిపోతే ఏ మర విప్పాలో వేలు పెట్టి చూపింది. పావుగంట పని అంది.

బుధవారం విల్సన్ మోటారును భుజాన వేసుకుని తిరిగొచ్చాడు. పడవ చెరువు నడిమధ్య నిలిచిపోయిందట. తెడ్డుతో ఒడ్డుకు చేరాడట. సరిచేసుకుని మళ్లీ నడపమని చెరువు వాళ్లు రెండు గంటలు గడువు కూడా ఇచ్చారట.

"మరి మార్చినావా?"

విల్సన్ గుడ్డమూట తీసి ఇచ్చాడు. ముడి విప్పనే లేదు.

"మామ రేకు ఉండాది కదా సెలీనా. ఎట్ల ముట్టేది?"

రెండు గంటలూ దాని పక్కనే కూర్చున్నాడట. విల్సన్ నాయన కూడా గని మనిషే.

అంతలో షిఫ్టు దిగి వచ్చిన అమృతరాజు, బట్టలైనా మార్చుకోకుండా మోటారు ముందు గొంతుక్కూర్చుని ప్లగ్గు విప్పాడు. తడిమసిని వేలితో తుడిచి చూసి తల ఊపాడు.

"ఇంగొంచెం పెద్ద జెట్టు వేసుండాల్సింది," అన్నాడు.

"నీకు ఇష్టమైనంత పెద్దది వెయ్యి నాయనా," అంది సెలీన్. "ఆ పని ఇంగొకరికి ఇచ్చేసినారు."