ఇరవై నిమిషాల ఓపిక

నాకు ఓపిక తక్కువ. బందరులో కంప్యూటర్లు బాగుచేసే కొట్టు పెట్టుకున్నవాడికి అది ఉండకూడని జబ్బే, కానీ ఉంది. "మా అబ్రార్ ఎసట్లో బియ్యం పొయ్యకముందే పళ్లెం ముందు కూర్చుంటాడు" అంటుంది మా అమ్మ.

దేవసహాయం గారు లాప్‌టాప్‌ని తువ్వాలులో చుట్టుకుని చల్లపల్లి నుంచి బస్సులో వచ్చారు. ప్రభుత్వాఫీసులో తెలుగు టైపిస్టుగా చేసి రిటైరయ్యారట. లాప్‌టాప్ బాగా పాతది, రెండు జీబీ ర్యామ్. విండోస్ తెరుచుకోవడానికే ఇరవై నిమిషాలు పడుతోందన్నారు.

"కొత్త విండోస్ దీని మీద నడవదండి. నడిచినా, దాని ఖరీదుకి ఇలాంటి పాతవి రెండొస్తాయి," అన్నాను.

"అందరూ ఊరికే వేయించుకుంటున్నారు కదా బాబూ?"

"అది దొంగదండి."

"అయితే వద్దు. ఇందులో మా ఆవిడ పాటలున్నాయి."

ఆయన భార్య ఎస్తేరు గారు చర్చిలో స్త్రీల కూడికల కోసం సొంతంగా పాటలు కట్టేవారట. మొత్తం నలభై రెండు. ఆయన అన్నీ టైపు చేశారు. ఆవిడ పోయిన రోజున, చేతిరాత నోటుబుక్కుని బైబిలుతో పాటు పెట్టెలో ఆవిడ గుండెల మీద ఉంచేశారు. "టైపు చేసినవి ఉన్నాయి కదా అని," అన్నారు. ఏడాది జ్ఞాపకార్థ కూడికకి వాటిని చిన్న పుస్తకంగా వేయించాలని ఆయన కోరిక.

దొంగది వద్దన్న మనిషికి, విండోస్ బదులు వేసుకునే లినక్స్ కంటే ఏం కావాలి? పైసా ఖర్చు లేదు, పైగా న్యాయమైనది. ఆ సంగతి ఆయనకి అరగంట ఉపన్యాసం ఇచ్చి, సాయంత్రం రమ్మన్నాను. లినక్స్‌లో బోలెడు రకాలు. ఒకదాన్ని పెన్‌డ్రైవ్ నుంచి నడిపిస్తే మూలుగుతూ నడిచింది. ఇంకా తేలికైనది, లుబుంటు, పెట్టగానే పరుగెత్తింది. అది పెన్‌డ్రైవ్ మీద నడుస్తుండగానే పాత డిస్కులోంచి పాటల ఫైలొకటి తెరిచాను. ఒక్క తెలుగు అక్షరం లేదు. నెత్తిన చుక్కలూ గీతలూ ఉన్న ఇంగ్లీషు అక్షరాలు, మధ్యలో పౌండు గుర్తులు. నలభై రెండు ఫైళ్లూ అంతే.

వైరస్ తినేసిందని తేల్చేశాను. విండోస్‌లోకి వెళ్లి ఒకసారి చూడాలంటే ఇరవై నిమిషాలు ఆగాలి. నేను ఆగలేదు. అందులోని ఫొటోలు మాత్రం వేరే డిస్కులోకి తీసిపెట్టి, వైరస్ ఆనవాలు కూడా మిగలకూడదని పాతవాటి మీద సున్నాలు నింపి డిస్కంతా తుడిచేసి లుబుంటు ఎక్కించాను.

సాయంత్రం సంగతి చెబితే ఆయన కుర్చీలో కూర్చుండిపోయారు. "ఎవరు చేస్తారు బాబూ ఆ వైరస్‌లు?" అనడిగారు.

"ఎక్కడో ఉంటారండి, పనీపాటా లేని వెధవలు," అన్నాను.

రెండు నెలలు గడిచాయి. మా పక్క కొట్టులో శుభలేఖలు టైపు చేసే సుమలత గారి కంప్యూటర్ మొరాయించింది. పెన్‌డ్రైవ్ నుంచి లుబుంటు నడిపి ఆవిడ ఫైలొకటి తెరిచాను. మళ్లీ ఆ చుక్కలు, ఆ గీతలు, ఆ పౌండు గుర్తులు.

"అయ్యో, మీవీ వైరస్ తినేసిందండీ," అన్నాను.

ఆవిడ పకపకా నవ్వారు. "వైరస్ కాదు అబ్రార్ గారూ. ఇవి పాత డీటీపీ ఫాంటులో కొట్టినవి. ఆ ఫాంటు లేని సిస్టంలో ఇలాగే కనపడతాయి. తెలుగు టైపు మిషన్ మీద నేర్చుకున్నవాళ్లందరం ఇప్పటికీ దాన్లోనే కొడతాం. కొంపదీసి ఎవరివైనా తుడిచేశారా ఏంటి?"

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, "లేదండీ!" అని అరిచాను.

సున్నాలు నింపి తుడిచిన డిస్కులోంచి ఎవరూ ఏమీ తిరిగి తేలేరని నాకు తెలుసు. చెప్పకపోతే ఆయనకెప్పటికీ తెలియదనీ తెలుసు. ఆ రెండోదే నన్ను ఎక్కువ పీడించింది. తొమ్మిది రోజులు చూసి, పదోనాడు చల్లపల్లి బస్సెక్కాను.

దేవసహాయం గారు వరండాలో ఆ లాప్‌టాప్ ముందే ఉన్నారు. ఆయన నేర్చుకున్న టైపు మిషన్ అక్షరాల వరస అందులో లేదు; ఒక్క వేలితో అక్షరం వెతికి నొక్కుతున్నారు. "రా బాబూ! భలే స్పీడుగా ఉంది నువ్వేసింది. పాటలు గుర్తు తెచ్చుకుని మళ్లీ కొడుతున్నాను. పల్లవులు వస్తున్నాయి గానీ చరణాలే రావట్లేదు. కూడిక వచ్చే నెలే," అన్నారు.

నిలబడే చెప్పేశాను. వైరస్ లేదని, పాటలు బాగానే ఉన్నాయని, చదవడం రాక నేనే తుడిచానని.

ఆయన కీబోర్డు మీద నుంచి వేలు తీసేశారు. తిడితే బాగుండుననిపించింది.

"ఆ వైరస్ చేసినవాణ్ణి క్షమించమని రోజూ ప్రార్థన చేస్తున్నాను," అన్నారు. "వాడెవడో తెలియదు కాబట్టి తేలిగ్గానే ఉండేది."

ఆయన లాప్‌టాప్‌ని నా వైపు తిప్పి, పక్కన కుర్చీ చూపించారు.

"కూర్చో. నేను పాడతాను, నువ్వు కొట్టు. గుర్తు రాకపోతే ఆగాలి మరి."

పల్లవి పాడారు, కొట్టాను. మొదటి చరణం పాడారు, కొట్టాను. రెండో చరణం మొదటి మాట దగ్గర ఆగిపోయారు. కళ్లు మూసుకుని, తొడ మీద వేలితో తాళం వేస్తూ, ఆ ఒక్క మాటనే మళ్లీ మళ్లీ అంటున్నారు. నేను కీబోర్డు మీద చేతులు పెట్టి కదలకుండా కూర్చున్నాను.

ఇరవై నిమిషాలు దాటింది. ఆ చరణం రాలేదు.