వంటింట్లో చచ్చే రాజు

రోజంతా మందుల గోదాములో నిలబడి అట్టపెట్టెలు కట్టి ఇల్లు చేరేసరికి ఆమె కాళ్లు తిమ్మిరెక్కిపోయేవి. ఈమధ్యే అక్కడే, రోగుల ఫోన్లెత్తే విభాగంలో ఒక కుర్చీ ఖాళీ అయింది. హాయిగా కూర్చుని చేసే పని. అది దక్కాలంటే మేనేజరమ్మ ముందు ఇంగ్లిష్‌లో మాట్లాడి మెప్పించాలి. ఇంట్లో ఉన్న ఇంగ్లిష్ పుస్తకమల్లా మొగుడు కాలేజీలో చదివిన పాత విషాద నాటకమే.

"ఇందులో మాటలకేం తక్కువ! నేను నటించి చూపిస్తా, చచ్చినా మర్చిపోవు," అన్నాడతను. పెళ్లయిన కొత్త, ఆపేవాళ్లెవరు?

ఇక సాయంత్రాలు ఆమె అంట్లు తోముతుంటే అతను రాజై, గరిటెతో పొడుచుకుని పొయ్యి పక్కన కూలేవాడు. విషం, ద్రోహం, సమాధి. ఆమె ఆవలిస్తూనే ఆ ఇంగ్లిష్ మాటలన్నీ వల్లెవేసేది.

"లేవండి మహారాజా, అక్కడ తుడవాలి."

"చచ్చినవాణ్ణి లేవమంటావా? కనికరం లేదే నీకు!"

"కనికరాన్ని ఇంగ్లిష్‌లో ఏమంటారో చెప్పి మళ్లీ చావండి."

మేనేజరమ్మ ముందు మాట్లాడాల్సిన రోజు రానే వచ్చింది. "మీ ఇంటి గురించి చెప్పు," అని ఇంగ్లిష్‌లో అడిగింది మేనేజరమ్మ.

పొద్దున్నే కిటికీలోంచి పడే ఎండ, అతను పెట్టే నీళ్ల టీ, ఒక్క దిండు కోసం ఇద్దరి పోట్లాట, అన్నీ మనసులో మెదిలాయి. ఒక్కదానికీ మాట దొరకలేదు. ఆ నాటకంలో ఎవరూ టీ తాగలేదు మరి. చివరికి కళ్లు మూసుకుని, వచ్చిన ఇంగ్లిష్‌లో గుక్క తిప్పుకోకుండా చెప్పేసింది: "మా ఇంట్లో విషం లేదు. ద్రోహం లేదు. నా భర్త రోజూ వంటింట్లో చనిపోతాడు. తర్వాత లేచి గిన్నెలు తుడుస్తాడు."

మేనేజరమ్మ పడీ పడీ నవ్వి, కళ్లు తుడుచుకుని తెలుగులోకి దిగింది. "మందులడిగే రోగులతో సమాధుల సంగతి మాట్లాడతావా తల్లీ? కుర్చీ ఇంకో నెల ఆపుతాను. ఈలోగా బతికున్నవాళ్ల మాటలు నేర్చుకుని రా."

ఇంటికొచ్చేసరికి గరిటె పట్టుకుని గుమ్మంలోనే ఉన్నాడతను. ఆమె చెప్పులైనా విప్పకుండా గోడకు చేరగిలపడింది.

"ఈపూట చావకండి. టీ పెట్టండి. ఏం చేస్తున్నారో ఒక్కొక్కటీ ఇంగ్లిష్‌లో చెబుతూ పెట్టండి."

అతను గిన్నె కేసి చూశాడు. బుర్ర గోక్కున్నాడు. "నీళ్లు మరుగుతున్నాయి," అన్నాడు ఇంగ్లిష్‌లో, కాస్త అనుమానంగానే.

ఆమె కాళ్లు చాపుకుని, కళ్లు మూసుకుని, ఆ మాటే మెల్లగా తిరిగి పలికింది.