అరవై ఏడు మార్కులు

నేను ఒక ఫంక్షన్‌ని. అంటే ఒక పని ఎలా చెయ్యాలో కంప్యూటర్‌కు వరసగా చెప్పే మాటల మూటని. కన్నతండ్రిని ఆడిపోసుకోకూడదు గానీ, మా నాన్న ఫణీంద్రగారికి ఒక్క ముక్క చెప్పాలన్నా పది ముడులు వెయ్యందే తోచదు. ఆ ముడులు తనకు తప్ప ఇంకెవరికీ విప్పడం రాకపోవడమే ఆయన దృష్టిలో ప్రతిభ.

విశాఖపట్నంలో ఒక డయాలసిస్ సెంటర్ కోసం నన్ను రాశారు. ఏ రోగికి ఏ రోజు, ఏ మెషీన్ మీద వంతు వస్తుందో చెప్పడం నా ఉద్యోగం. పుట్టినప్పుడు పన్నెండు లైన్లతో చూడముచ్చటగా ఉండేదాన్ని. తరవాత సెంటర్ వాళ్లు ఏది అడిగినా నాన్న నాలో ఒక ‘అయితే’ కుట్టేవారు. ఆదివారం అయితే ఇలా, డాక్టరు సెలవైతే అలా, రెండూ కలిస్తే మరోలా. మూడేళ్ల కిందట అయిదో మెషీన్ పాడైతే, ‘అయిదో మెషీన్ అయితే వంతు రేపటికి జరుపు’ అని ఇంకోటి తగిలించారు. రెండు రోజుల్లో తీసేస్తానన్నారు. ఆ మెషీన్‌ని పాత సామాను కింద పంపేశారు. మాట మాత్రం నాలోనే ఉండిపోయింది.

కిందటేడు హైమవతి అనే అమ్మాయి నాన్న ఆఫీసులో చేరింది. వచ్చిన వారానికే, కోడ్‌ని కొలిచే సాధనమొకటి నామీద నడిపింది. ‘అయితే’ల దగ్గర దారి ఎన్నిచోట్ల చీలుతుందో లెక్కపెట్టి అది మార్కులేస్తుంది. పది దాటితే చదివేవాళ్లకు కష్టమన్నమాట. నాకు అరవై ఏడొచ్చాయి. ఎక్కువ మార్కులొస్తే సిగ్గుపడాల్సిన పరీక్ష ఒకటుందని నాకూ అప్పుడే తెలిసింది.

“సార్, దీన్ని చిన్నచిన్న ఫంక్షన్లుగా విడగొడతాను. ఒక్కోటి ఒక్క పనే చేస్తాది. పేరు చూస్తే అర్థమైపోద్ది.”

“ఇప్పుడు పనిచేస్తోందా, లేదా?”

“చేస్తోంది గానీ సార్, లోపల ఏటుందో ఎవరికీ తెలీదు కదా.”

“నాకు తెలుసు. నువ్వు ఇంటర్లో ఉన్నప్పుడు రాశానమ్మా ఇది. కోడు నడవడానికి, కూర్చుని చదువుకోడానికి కాదు. చెయ్యి పెట్టకు.”

నా నెత్తిన ‘ముట్టుకోవద్దు’ అని ఒక లైను రాశారు. మడి కట్టుకున్నదాన్లా నేనూ మురిసిపోయాను.

ఈ ఫిబ్రవరిలో సెంటర్‌కు కొత్త మెషీన్ వచ్చింది. ఖాళీగా ఉన్న నంబరే కదా అని దానికి అయిదు పెట్టారు. మొదట దానిమీదికి ఒక్కరినే మార్చారు, వలలు అల్లే పైడయ్యని. వారానికి మూడుసార్లు రక్తం శుభ్రం కాకపోతే బతకలేని మనిషి.

బుధవారం వచ్చాడు. ‘రేపు’ అన్నాను. గురువారం వచ్చాడు. ‘రేపు’ అన్నాను.

“అదేటమ్మా, నిన్నా ఇదే సెప్పినావు. కాళ్లు సూడు, ఎలా పొంగిపోనాయో,” అంది ఆయన భార్య నూకాలమ్మ.

“నేనేటి సేస్తాను పిన్నీ, కంప్యూటర్లో రేపనే ఉంది,” అంది కౌంటర్లో అమ్మాయి.

శుక్రవారమూ శనివారమూ నా మాట మారలేదు. తెరని నమ్మినంతగా వాచిన కాళ్లని నమ్మరు మనుషులు. శనివారం సాయంత్రం ఊపిరాడక పెద్దాసుపత్రికి తీసుకెళ్లారు. ఆదివారం పొద్దున్నే పోయాడు.

“కంప్యూటర్ ఏదో పొరపాటు చేసింది,” అన్నారు నాన్న, సెంటర్ డాక్టరుతో. నాన్న మాట ఏనాడూ జవదాటనిదాన్ని నేను! ఏ పొరపాటో చూపించమని డాక్టరు అడిగితే నాన్న మూడు రోజులు నాలో వెతికారు. తన చేత్తో వేసిన ముడుల్లో తనే తప్పిపోయారు. నాలుగో రోజు కుర్చీలోంచి లేచి, హైమవతిని కూర్చోమన్నారు.

ఆమె నన్ను పదకొండు ముక్కలు చేసింది. ప్రతి ముక్కకీ అది చేసే పనే పేరుగా పెట్టింది. ఏ ముక్కకీ పది మార్కులు దాటలేదు. ‘పాడైన మెషీన్ వంతు జరుపు’ అని పేరు పెట్టిన ముక్క దగ్గర ఆగిపోయింది. అందులో ఉన్నవి రెండే లైన్లు. చదవడానికి అర నిమిషం పట్టదు. గెలిచినట్టు ఆమె నవ్వలేదు. తెరమీద ‘అయిదో మెషీన్ అయితే’ అన్నచోట వేలు పెట్టి నాన్నకు చూపించింది.

నన్ను పాత ప్రతుల్లో పడేశారు. అక్కడ నన్నెవరూ పిలవరు, నేను ఎవరికీ ‘రేపు’ అని చెప్పక్కర్లేదు. మర్నాడు నాన్న లాప్‌టాప్ పట్టుకుని నూకాలమ్మ ఇంటికి వెళ్లారు. అందులో నేనూ ఉన్నాను.

“కంప్యూటరే తప్పు సేసీసిందన్నారు బాబూ,” అందామె. “దాన్నేటని అడుగుతాం?”

నాన్న లాప్‌టాప్ తెరవలేదు.

“కంప్యూటర్ది కాదమ్మా. తప్పు నాది. మా ఆఫీసులో అమ్మాయి ముందే చెప్పింది. నేనే వినలేదు.”