కండక్టరమ్మ అడుగులు

కదిలే బస్సులో ఏ ఆసరా లేకుండా నిలబడి ఏళ్ళ తరబడి టిక్కెట్లు కొట్టిన మనిషి, ఒక ఉదయం వంటింట్లో కూలబడి మళ్ళీ లేవలేకపోయింది. పక్షవాతం. కొన్నాళ్ళకి మాట తిరిగొచ్చింది, చెయ్యి తిరిగొచ్చింది. ఎడమ కాలు మాత్రం మొరాయించింది. కండక్టరమ్మకి ఇంకేం అక్కర్లేదు. తన కాళ్ళ మీద తాను మెట్లు దిగి, వీధి దాటి, ఎదురుగా ఉన్న బస్టాపులో నిలబడాలి. చూడ్డానికి వచ్చినవాళ్ళందరికీ ఆ మాటే చెప్పేది, చెబుతూ కళ్ళనీళ్ళు పెట్టుకునేది.

భర్త రిటైరైన లెక్కల మాస్టారు. బళ్ళో ఆయనకి మంచి పేరే ఉండేది, ముఖ్యంగా మొద్దు పిల్లల దగ్గర. పాసవడానికి ఒకటో రెండో మార్కులు తగ్గితే, పేపరంతా గాలించి ఎక్కడో ఒకచోట వేసేసేవారు. "పాసయ్యాననుకుంటే చాలు, ఆ ధైర్యంతో వాడే చదువుకుంటాడు" అని ఆయన వాదన. కొందరి విషయంలో అది నిజమైంది కూడా. అదే కొంప ముంచింది.

ఇంటికొచ్చే ఫిజియోథెరపీ అమ్మాయి కండక్టరమ్మ ఫోన్లో ఒక యాప్ పెట్టింది. ఫోన్ని చిన్న గుడ్డసంచిలో పెట్టి ఎడమ చీలమండ పైన కట్టుకోవాలి. నడిచిన కొద్దీ తెర మీద గుండ్రటి గీత నిండుతుంది. పూర్తిగా నిండితే ఆకుపచ్చగా వెలిగి చప్పట్లు వినిపిస్తాయి. అమ్మాయి ఆ వివరాలన్నీ తన ఫోన్లో చూసుకుని, తరవాతి వ్యాయామం ఏమిటో చెబుతుంది.

"ఊరందరికీ నేను టిక్కెట్లు కొడితే, చివరికి ఇది నాకు కొడుతుందన్నమాట" అని నవ్వింది కండక్టరమ్మ. నాలుగు కాళ్ళ వాకర్ పట్టుకుని, "రైట్ రైట్" అని తనకి తానే చెప్పుకుని బయల్దేరేది. హాలు దాటేసరికి ఒళ్ళంతా చెమటలు. సాయంత్రానికి గీత సగం కూడా నిండేది కాదు. మొదట్లో ఫోన్ని నోటికొచ్చినట్టు తిట్టింది. పోనుపోను తిట్టడం కూడా మానేసింది. ఒకరోజు గోడవైపు తిరిగి పడుకుని, "తీసెయ్యండి మాస్టారూ ఆ వెధవ ఫోను. నా బండి ఇంక షెడ్డుకే" అంది. అన్నం కూడా వద్దంది.

మాస్టారి ప్రాణం ఉసూరుమంది. మర్నాడు మధ్యాహ్నం ఆమె కునుకు తీస్తుంటే, చార్జింగ్ పెడదామని ఫోను విప్పారు. పెట్టలేదు. తన కాలికి కట్టుకుని వరండాలో అటూ ఇటూ తిరిగారు. గీత ఇంకాస్తలో నిండుతుందనగా ఆగి, ఫోను మళ్ళీ ఆమె కాలికి కట్టేశారు. సాయంత్రం ఆమె హాల్లో ఒక్క చుట్టు తిరిగిందో లేదో, చప్పట్లు మోగాయి.

"మాస్టారూ! విన్నారా?" అని ఆమె పెట్టిన కేకకి పక్కింటివాళ్ళు వచ్చారు. ఆమె చిన్నపిల్లలా ఏడ్చింది, నవ్వింది, అన్నం మారు అడిగి పెట్టించుకుంది. మాస్టారికి అంతకన్నా ఏం కావాలి?

ఒక్కరోజుతో ఆపేద్దామనుకున్నారు. యాప్ ఆపనిస్తేగా! గీత నిండిన కొద్దీ అది లక్ష్యం పెంచేది. ఆయనకి వరండా చాలక మేడ మీదికెక్కి తిరిగేవారు. ఆమె కాలి కోసం నడిచి నడిచి ఆయన బొజ్జ తగ్గింది. "జబ్బు నాకు చేస్తే చిక్కిపోయేది మీరా? నా గురించి అంత దిగులు పెట్టుకోకండి" అని ఆమె నొచ్చుకుంటుంటే ఆయనకి తలెత్తబుద్ధి కాలేదు.

నిజానికి ఆమె కూడా మునుపటికన్నా ఉత్సాహంగా నడుస్తోంది. తను వేసిన మార్కులు పనిచేస్తున్నాయని మాస్టారు లోలోపల మురిసిపోయారు. ఫిజియోథెరపీ అమ్మాయి ఫోన్లో లెక్క చూసి, వాకర్ తీసేసి చేతికర్ర ఇచ్చింది. కర్రతో కండక్టరమ్మ తడబడితే, "మామూలప్పుడు ఇంత బాగా నడుస్తూ, నా ముందే ఏంటి ఆంటీ ఇలా?" అంది.

"చెకింగ్ ఇన్‌స్పెక్టర్ బస్సెక్కితే ఎవరికైనా చేతులు వణుకుతాయే పిల్లా!"

ముగ్గురూ నవ్వారు. అందరికన్నా గట్టిగా నవ్వింది మాస్టారే. అప్పుడే చెప్పెయ్యాల్సింది.

ఒక ఉదయం మందులు కొనుక్కుని వస్తూ, ఆయన వీధికి అవతలే ఆగిపోయారు. ఇంటి పై మెట్టు మీద కండక్టరమ్మ నిలబడి ఉంది. శుభ్రంగా తల దువ్వుకుని, మంచి బట్టలు కట్టుకుంది. చేతిలో కర్ర లేదు. ఆయన్ని చూసి చెయ్యెత్తి ఊపింది.

"కదలకు! అక్కడే ఉండు!" అని అరిచారు మాస్టారు. ఇంతలో ఇద్దరికీ మధ్య లారీ ఒకటి అడ్డొచ్చింది. అది దాటిపోయేసరికి ఆమె మెట్ల కింద పడి ఉంది.

తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ చేశారు. ఎముక అతుక్కుంటుంది గానీ, నడక మాట ఇక మరచిపొమ్మన్నారు డాక్టరుగారు. ఇకమీదట చక్రాల కుర్చీయే.

ఫిజియోథెరపీ అమ్మాయి ఆసుపత్రికి వచ్చి మంచం పక్కన వలవలా ఏడ్చింది. "తప్పు నాదే ఆంటీ. ఫోన్లో చూసి తొందరపడి కర్ర ఇచ్చేశాను. అంత నడిచినవాళ్ళు ఎలా పడ్డారో నాకు అర్థమే కావట్లేదు."

"నీ తప్పేముందే? మాస్టారు మందులు తీసుకుని వచ్చేసరికి బస్టాపులో నిలబడి చూపిద్దామనుకున్నా. నా తలపొగరే నన్ను పడేసింది."

తన తప్పుని వాళ్ళిద్దరూ పంచుకుంటుంటే మాస్టారు తట్టుకోలేకపోయారు. "ఆ అడుగులు నావి" అన్నారు. వరండా సంగతీ, మేడ సంగతీ, అన్నీ చెప్పేశారు.

అమ్మాయి ఏడుపు ఆపేసింది. ఆయన మొహం చూడకుండా లేచి బయటికి వెళ్ళిపోయింది. కండక్టరమ్మ తిడుతుందనుకున్నారు. తిట్టినా బాగుండేది. ఆమె పైకప్పు వైపు చూస్తూ అడిగింది.

"మొదటిసారి చప్పట్లు కొట్టిందే, అది?"

"నేనే."

"తరవాతవన్నీ?"

"నువ్వూ నడిచావు. నేనూ నడిచాను."

"అందులో నాది ఎంతో చెప్పండి మాస్టారూ. కొంచెమైనా సరే. అది చాలు నాకు."

జీవితమంతా లెక్కలు చెప్పిన మనిషికి ఈ ఒక్క లెక్క తేలలేదు. ఏ రోజుకారోజు తన నడకని ఆమె నడకలో కలిపేశారే తప్ప, ఎవరిది ఎంతో విడిగా గుర్తుపెట్టుకోలేదు. "తెలీదు" అన్నారు.

"పోనీ, ఆ మెట్లు? అప్పుడు నా కాలికి ఫోను లేదు. పడేలోపు పై మెట్టు నుంచి నా అంతట నేనే దిగాను. మీరు చూశారు కదా?"

ఆయన చూసింది ఆమె నిలబడి ఉండటం, ఆ తరవాత కింద పడి ఉండటం. చూశానంటే ఆమె సంతోషిస్తుంది. ఆ సంతోషం ఎలా ఉంటుందో ఆయనకి బాగా తెలుసు.

"చూళ్ళేదు. లారీ అడ్డొచ్చింది."

కండక్టరమ్మ కళ్ళు మూసుకుంది. మాస్టారు మంచం చివరికి జరిగి, ఆమె ఎడమ పాదం మీద చెయ్యి వేశారు. ఆమె పాదం వెనక్కి తీసుకోలేదు. తీసుకుందామనుకున్నా, అది ఆమె వల్ల కాదు.