పాత తలపు అమ్మబడును

ముప్పయ్యేళ్ళు ప్రెస్సులో ప్రూఫులు దిద్దినదాన్ని. ఎక్కడైనా ఒక కొమ్ము ఎగిరిపోతే నాకు పంటికింద రాయి తగిలినట్టే ఉంటుంది. అలాంటి నాకు దేవుడు ఎలాంటి బావగారిని రాసిపెట్టాడో చూడండి.

బావగారంటే మా అక్క మొగుడు. నలభయ్యేళ్ళు ప్లంబరు పని చేసిన మనిషి. రెండేళ్ళ కిందట అక్క పోయాక గుమ్మం దాటడం మానేశారు. టీవీ పెట్టి, సౌండు పూర్తిగా తీసేసి, దాని ముందు పొద్దస్తమానం కూర్చునేవారు. చూడలేక ఒకరోజు నేనే చెయ్యి పట్టుకుని మా గోడౌనుకి లాక్కొచ్చాను.

గోడౌన్లో మేం కొందరం కలిసి పాత సామాను అమ్ముతాం. ఇల్లు పడగొట్టి మళ్ళీ కట్టుకునేవాళ్ళు, బాత్రూము మార్చుకునేవాళ్ళు ఊరికే ఇచ్చేసిన తలుపులు, కిటికీలు, సింకులు, కుళాయిలు, మిగిలిపోయిన టైల్సు. వాటికి ఫోటోలు తీసి నెట్లో మా పేజీలో పెడతాం. వచ్చిన డబ్బుతో, కప్పు కారుతున్నా బాగుచేయించుకోలేనివాళ్ళ ఇళ్ళు బాగుచేయిస్తాం. సామాను ఇచ్చేవాళ్ళు కూడా ఆ పేజీలోనే "ఇస్తాం" అన్న చోట ఫోటో పెడతారు. ప్రతిదాని కిందా నేను ఒకటే జవాబు రాస్తాను: "తీసుకుంటాం. తెచ్చి దింపండి. పొద్దున తొమ్మిది నుంచి తలుపు తీసే ఉంటుంది." భూతద్దం పెట్టి వెతికినా అందులో తప్పు దొరకదు.

బావగారు వచ్చిన వారానికే గోడౌను కళ మారిపోయింది. తుప్పు పట్టిన కుళాయిని చేతిలో అటూ ఇటూ తిప్పి, "వాషరు మారిస్తే ఇది ఇంకో పదేళ్ళు చాకిరీ చేస్తుంది" అనేవారు. మార్చేవారు. తర్వాత పాటలు కూడా మొదలెట్టారు. ఆ గొంతు వింటే పావురాలు లేచిపోయేవి. అయినా నాకు హాయిగానే ఉండేది. అక్క ఉన్నప్పుడు అచ్చం అలాగే పాడి తిట్లు తినేవారు.

అక్కడితో ఆగితే ఏ గొడవా ఉండేది కాదు. "ఆ ఫోనిటివ్వు మరదలు పిల్లా, నేనూ రాస్తాను" అన్నారు. నాకు యాభై తొమ్మిది, ఇంకా పిల్లనే! సరదా పడుతున్నారు కదా అని ఇచ్చాను.

ఆ రోజే ఒక టేకు తలుపు వచ్చింది. దాన్ని శుభ్రంగా తుడిచి, ఫోటో తీసి, ఒంటి వేలితో అరగంట పొడిచి ఇలా పెట్టారు:

"పాత తలపు అమ్మబడును. గట్టిది. లోపల కొంచెం పుచ్చింది. వానకి ఉబ్బుతుంది. గట్టిగా తోస్తే తప్ప కదలదు. ఇద్దరు మనుషులు వచ్చి మోసుకుపోవాలి."

తలుపు కాదండీ, తలపు! కొమ్ము ఎగిరిపోయి తలుపు కాస్తా ఆలోచనైపోయింది. నేను చూసేసరికి మధ్యాహ్నమైంది, కింద జనం పండగ చేసుకుంటున్నారు. "మా ఆయనకి ఒకటి పంపండి, పెళ్ళైన దగ్గర్నుంచి ఆ బుర్రకి ఒక్కటీ తట్టలేదు." "నా దగ్గర ఇలాంటివి బోలెడున్నాయి, ఎదురు డబ్బిచ్చినా ఎవరూ తీసుకోవట్లేదు." అన్నిటికీ కింద మా పాత ప్రెస్సు మేనేజరు: "ప్రూఫు చూసింది తమరేనా?"

నాకు తల కొట్టేసినట్టైంది. సామాను చూడ్డానికొచ్చినవాళ్ళు ఇద్దరు, లారీ డ్రైవరు ఒకడు అక్కడే ఉన్నారు. వాళ్ళ ముందే అరిచేశాను. "రాయడం రానివాళ్ళు రాయకూడదు బావగారూ! ఇంక ఈ ఫోను ముట్టుకోకండి. నా పరువు తీశారు!"

ఆయన స్పానరు తుడిచి, డబ్బాలో పెట్టి, మూత వేసి వెళ్ళిపోయారు. మర్నాడు రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. ఫోను చేస్తే మోకాళ్ళ నొప్పులన్నారు. ఏం చేస్తున్నారంటే టీవీ చూస్తున్నానన్నారు. టీవీ చప్పుడు మాత్రం వినబడలేదు.

మళ్ళీ మొదటికొచ్చారన్నమాట, అదీ నా నోటివల్ల. కానీ తప్పైపోయిందని చెప్పడానికి నాకు నోరు పెగలాలి కదా? ఊళ్ళోవాళ్ళందరి తప్పులూ దిద్దిన నోరది.

పైగా రోషం ఒకటి. ఆయన లేకపోతే నాకు పని నడవదా అని, తెల్లగా మెరుస్తున్న పింగాణీ సామాను ఒకటి ముందేసుకుని కూర్చున్నాను. "గోడకి తగిలించే చిన్న వాష్‌బేసిన్. చక్కని ఆకారం. భోజనాల గదికి ఎంతో అనువైనది." నాలుగుసార్లు చదువుకున్నాను. ముత్యాల్లాంటి వాక్యాలు. గంటలో అమ్ముడుపోయింది.

రెండు రోజుల తర్వాత కొన్నావిడ ఫోను చేసింది. "ఏమండీ, మీరిచ్చిన బేసిన్ చూసి మా ప్లంబరు నవ్వి నవ్వి నేలమీద చతికిలబడ్డాడండీ. అది మగాళ్ళు నిలబడి పోసుకునేదట!"

"అయ్యయ్యో! తగిలించేశారా?"

"లేదండీ. ఈలోగా మా అత్తగారు ముచ్చటపడి దాన్నిండా పళ్ళు పోసి భోజనాల బల్లమీద పెట్టారు. నిన్న వచ్చిన చుట్టాలందరూ తిన్నారు కూడా."

నాలుక కరుచుకున్నాను. ఎంత వెతికినా నా రాతలో అక్షరదోషం ఒక్కటీ లేదు. బావగారు పక్కనుంటే ఆ వస్తువుని ఒక్క చూపు చూసి చెప్పేవారు.

ఆ సాయంత్రం పేజీ తెరిస్తే "ఇస్తాం" కింద కొత్త ఫోటో ఒకటి ఉంది. అద్దం ముందు నిలబడి తీసుకున్నది. సగం మొహం కనబడుతోంది, మిగతా సగానికి ఫోను అడ్డం. కింద రాత:

"పాత ప్లంబరు ఇవ్వబడును. ఒకటే పీసు. మొకాళ్ళు కిర్రుమంటాయి. నీళ్ళ పని బాగా తెలుసు. రాయడం రాదు. ఇంట్లో ఉరికే పడి ఉంది. ఎవరికైనా పనికొస్తే తీసుకెళ్ళండి."

రెండు తప్పులు. అలవాటు కొద్దీ లెక్కపెట్టాను. ఆ తర్వాత అక్షరాలు అలుక్కుపోయాయి. సిగ్గు లేకుండా, టైల్సు పెట్టెమీద కూర్చుని బావురుమన్నాను.

కళ్ళు తుడుచుకుని జవాబు రాశాను. ఎప్పుడూ రాసేదే: "తీసుకుంటాం. తెచ్చి దింపండి. పొద్దున తొమ్మిది నుంచి తలుపు తీసే ఉంటుంది." నొక్కబోయి ఆగాను. వెనక్కెళ్ళి ఆ కొమ్ము తీసేశాను. బతుకులో మొదటిసారి తెలిసి తెలిసి తప్పు రాశాను. "తలపు తీసే ఉంటుంది."

నిమిషంలో ఆయన జవాబు వచ్చింది. "మరదలు పిల్లా, పరువు తీశావు. ముందు ఆ కోమ్ము దిద్దుకో. తొమ్మిదింటికి వస్తున్నా."

కొమ్ముని కోమ్మని రాశారు. నేను దిద్దలేదు.